అక్క తోపుకు పెట్టిన అచ్చారం

మా చిత్తూరు వైపు మామిడితోపులో కాయ మాట్లాడుకుంటే అచ్చారం పెట్టాలి. రెండు తమలపాకులు, ఒక వక్క, వాటి మీద ఒక నాణెం. కాయ ఇంకా పూత మీదో పిందె మీదో ఉండగానే కొనేవాడు ధర మాట్లాడుకుని ఆ ఆకూవక్కా రైతు చేతిలో పెడతాడు. అంతే. తర్వాత ఎంత ఎక్కువ ధర చెప్పుకుంటూ ఇంకొకడు వచ్చినా రైతు అమ్మడు. మార్కెట్టు ఎంత పడిపోయినా కొన్నవాడు వెనక్కి పోడు. ఎవరూ సంతకాలు పెట్టరు, సాక్షుల్ని పిలవరు. నేను బుద్ధెరిగినప్పటి నుంచి చూసింది ఇదే. ఈ ఆచారాన్ని అడ్డం పెట్టుకుని ఒక మనిషి మమ్మల్నందరినీ నమ్మించి గొంతు కోశాడు. ఆయన గురించి చెప్పాలంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే నెమ్మదిగా చెబుతాను.

ఆయనది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. అరవం కలిసిన మా ఊళ్ళలో ఫ్యాక్టరీ యజమానిని మొదలాళి అంటారు. నేను ఆయన దగ్గర కాయ కొనే పనిలో ఉండేవాణ్ణి. ఫ్యాక్టరీకి ప్రహరీ గోడ కూడా లేని రోజుల్లో చేరాను. ఆయన నన్ను తమ్ముడూ అనేవాడు, నేను అన్నా అనేవాణ్ణి. తోపులు చూడ్డానికి వచ్చినప్పుడల్లా వడమాలపేట దగ్గర మా అక్క ఇంట్లో ఆగి, సంగటిలోకి ఊరుబిండి ఇంకొంచెం వేయించుకుని తినేవాడు. ఇట్లాంటి మనిషిని అనుమానించడానికి నాకేం పట్టింది?

మేము కొనేది తోతాపురి. మావాళ్ళు బెంగుళూరా కాయ అంటారు. బేనీషా, అదే బంగినపల్లి, దొరికినప్పుడు తోతాపురినెవరూ కోసుకు తినరు గానీ గుజ్జుకు దాన్ని మించింది లేదు. కాయను మాగబెట్టి, తొక్కా టెంకా తీసేసి, గుజ్జు కాచి డ్రమ్ముల్లో నింపి చెన్నై హార్బరుకు తోలితే, అక్కడి నుంచి ఓడెక్కి గల్ఫుకూ యూరప్‌కూ పోయేది. డ్రమ్ముల లోపల వేసే సంచులు ఇంకో దేశం నుంచి వచ్చేవి. మా పుత్తూరు, వడమాలపేట కాయను సముద్రాలవతల తాగుతున్నారని నేను ఇంట్లో గొప్పలు పోయేవాణ్ణి. "వాళ్ళు రసం తాగితే మనకేం, మనకు రాత్రికి మజ్జిగే గదా" అని మా ఆవిడ ఎగతాళి చేసేది.

ఒక ఏడు సరిగ్గా పూత మీద వాన పడింది. పూత మాడి రాలిపోయింది. మండీల్లో కాయ లేదు, ఉన్న కొంచెం కాయ మీద పది ఫ్యాక్టరీలు పడ్డాయి. అది చాలదన్నట్టు సంచులు కూడా ఏదో ఓడరేవులో ఇరుక్కుని సగం సీజను అయిపోయాక వచ్చాయి. చెప్పిన సరుకు పంపలేకపోయామని విదేశాల్లో కొనేవాళ్ళు మొదలాళిని ఫోన్లోనే ఉతికి ఆరేశారు. ఆయన అట్లా తల పట్టుకుని కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నిజంగానే జాలేసింది.

ఆ తర్వాత చెన్నై నుంచి ఒక సలహాదారును పిలిపించారు. ఆయన తెల్లబోర్డు మీద మా తోపుల దగ్గర మొదలుపెట్టి ఓడ దాకా ఒక పొడుగాటి గీత గీశాడు. ఈ గీత ఎక్కడ తెగినా మీ వ్యాపారం ఆగిపోతుందన్నాడు. దాన్నే రిస్కు అంటారన్నాడు. ఏ సరుకైనా రెండు దారుల్లో వచ్చేటట్టు చూసుకోవాలి. సంచులకు రెండు కంపెనీలు ఉండాలి. ఓడలకు ఇద్దరు ఏజెంట్లు ఉండాలి. కాయకు మనకు కావలసినదానికి రెండింతల తోపులు ముందే పట్టి ఉంచుకోవాలి. ఆ మాటలు నాకు నచ్చాయి, అబద్ధమెందుకు చెప్పాలి? బోరు ఎండితే బావి ఉండాలనుకునే సేద్యగాడి బిడ్డను నేను.

సలహాదారు మొదలాళి వైపు తిరిగి అడిగాడు. "సంచుల కంపెనీకి అడ్వాన్సు కట్టాలి, ఓడకు బుకింగ్ చార్జీ కట్టాలి. మరి ఈ రైతుల్ని పట్టి ఉంచుకోవడానికి ఎంత ఖర్చవుతుంది?"

మొదలాళి నవ్వాడు. "ఆకూవక్క" అన్నాడు.

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా పల్లె ఆచారం గురించి పట్నం మనిషికి ముచ్చటగా చెబుతున్నాడనుకున్నాను.

బయటికొచ్చాక నా సందేహం నేను అడిగాను. "అన్నా, దేవుడు సల్లగా సూసి అందరి తోపులూ కాస్తే, రెండింతలు కాయను ఏం జేసుకుంటాం?"

"ఇంగో లైను ఏస్తుండా గదప్పా" అన్నాడాయన. "రెండింతలు కాయొస్తే రెండింతలు ఆడిస్తాం."

నన్ను షెడ్డు వెనక్కి తీసుకుపోయి, కొత్త మిషన్లు కూర్చోబోయే చోట ముగ్గుపిండితో గీసిన గీతలు చూపించాడు. నేను సంతోషంగా ఇంటికి పోయాను. ఆ గీతల మీద ఒక్క ఇటుక పడలేదు.

ఆ చలికాలం అయ్యేదాకా నేను బండి దిగలేదు. పుత్తూరు దాటి, నారాయణవనం దాటి, ఎక్కడెక్కడి తోపులో తిరిగి ఆకూవక్కా పెట్టుకుంటూ పోయాను. కొందరు వెనకాడారు. ఫ్యాక్టరీ వాళ్ళ మాటేం నమ్మేదని ముఖం మీదే అన్నారు. ఆ సంగతి చెబితే మొదలాళి, "మీ అక్క తోపు పెట్టుకోని ఊరోళ్ళ తోపులు దేవులాడితే ఎవురు నమ్ముతారప్పా? ముందు ఆమెకు పెట్టు, మిగిలినోళ్ళు వాళ్ళే వస్తారు" అన్నాడు.

అంతవరకూ అక్క తన కాయను మండీకే తోలేది. సొంతవాళ్ళతో వ్యాపారం ఎందుకని నేనే దూరంగా ఉన్నాను. అక్కకు భర్త పోయాక ఆ తోపే దిక్కు. చెట్లకు తానే నీళ్ళు కట్టి, తానే కాపలా పండుకుని నిలబెట్టింది. కానీ తిరుపతి ఊరు ఆ రోడ్డు వెంట జరుగుతూ జరుగుతూ తోపు దాకా వచ్చేసింది. ప్లాట్లు వేసేవాళ్ళు అక్క కొడుకు వెంట పడ్డారు. వాడికీ అమ్మేయాలనే ఉంది. తల్లీకొడుకులు కొట్లాడుకుని కొట్లాడుకుని చివరికి ఒక మాట అనుకున్నారు: ఈ ఏడు కాయ మంచి ధరకు అమ్ముడుపోతే తోపు ఉంటుంది, పోకపోతే వాడి ఇష్టం.

నేను ఆకులు తీసుకుపోయిన రోజు అక్క చేతులు కడుక్కుని వచ్చి కొంగు పట్టి తీసుకుంది. ఇరుగు తోపుల వాళ్ళు కూడా అక్కడే ఉన్నారు. "వడ్డించేవాడు మనోడైతే కడబంతిలో కూసున్నా ఏం భయం?" అని వాళ్ళతో అంది. ఆ సాయంత్రమే వాళ్ళంతా ఆకులు తీసుకున్నారు.

ఆ ఏడు పూత నిలిచింది. చెట్లు విరగకాశాయి. కొమ్మలకు గుంజలు పోటు పెట్టాల్సి వచ్చింది. కాయ ఇంకా ముదరక ముందు కృష్ణగిరి వైపు నుంచి ఒక ఏజెంటు కారులో వచ్చి, అక్క తోపును చెట్టు మీదనే మొత్తం కొంటానన్నాడు. మేము చెప్పినదానికంటే మంచి ధరే చెప్పాడు. అక్క నాకు ఫోన్ చేసింది.

"ఏమిరా అబ్బోడా, ఏం జెయ్యమంటావు? అచ్చారం తీసుకుంటి. అయినా నువ్వు సరే అంటేనే."

నేను మొదలాళిని అడిగాను. పోనీ మా అక్క ఒక్కదాన్ని వదిలేయమన్నాను. ఆయన ముఖం పెద్దమనిషి ముఖమైపోయింది. "ఆకు తీసుకుని మాట తప్పుతారా ఎవురన్నా? ఆమె తప్పితే ఊరంతా తప్పుతుంది. రేపు నీ మొహం యాడ పెట్టుకుంటావు తమ్ముడూ?" అన్నాడు. నాకు సిగ్గేసింది. అడగడమే తప్పయిందనుకున్నాను. అక్కకు ఫోన్ చేసి వద్దన్నాను. ఆమె ఏజెంటుకు మజ్జిగ ఇచ్చి పంపించేసింది.

కోతలు మొదలయ్యేసరికి అందరి తోపులూ ఒకేసారి దిగాయి. మండీలో ధర పడింది, మళ్ళీ పడింది. మా ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు వచ్చి నిలబడ్డాయి. మొదట రోడ్డు మలుపు దాకా ఉన్న వరస తర్వాత పెట్రోలు బంకు కూడా దాటింది. వాచ్‌మన్ టోకెన్లు ఇస్తున్నాడే గానీ గేటు తీయడం లేదు. ఎండకు కాయ ట్రాలీల్లోనే పండి, అడుగు కాయ నలిగి రసం రోడ్డు మీదికి కారుతోంది. ఈగలు ముసురుతున్నాయి. రైతులందరూ నన్నే చూస్తున్నారు. ఆకులు పెట్టింది నేను కదా మరి. అక్క కూడా తన ట్రాక్టరు వెంట అన్నం క్యారియరు పట్టుకుని వచ్చి, ట్రాలీ నీడలో కూర్చుని ఉంది. లైన్లో నిలబడ్డవాళ్ళకు ఆమే ధైర్యం చెబుతోంది: "మావోడు లోపలుండాడు. తీస్తారు."

నేను మొదలాళి గదిలోకి పోయాను. ఏసీ గది. ఆయన ఫోన్లో ఓడలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకుంటున్నాడు.

"కూసో తమ్ముడూ. నేనేం జేసేది? యాడనో సముద్రంలో గొడవలంట. ఓడలన్నీ ఆఫ్రికా సుట్టుకోని పోతా ఉండాయి. ముందు ఆడించిన డ్రమ్ములే హార్బర్లో పడుండాయి. కొనేవాళ్ళు ఇప్పుడే పంపొద్దంటాండారు. ఈ ఏడు సగం కాయే ఆడించేది."

అది విని నా కోపం సగం దిగింది. ఎక్కడో ఓడలు దారి మళ్ళితే మా మొదలాళి మాత్రం ఏం చేస్తాడు? సగమైతే సగమే, అందరికీ కాస్త కాస్త సర్దుతానని చెప్పి లేవబోయాను. లేస్తుంటే కిటికీలోంచి వెనక గేటు కనబడింది. అక్కడ లారీలు నిలబడి ఉన్నాయి. కాయ దించుతున్నారు. ఆ లారీలు మా తోపులవి కావు.

"అవేందన్నా?"

"మండీ కాయ."

"సగమే ఆడిస్తామంటివే. ఆ సగం మన తోపులది గావాల గదా?"

ఆయనకు విసుగొచ్చింది. "మనం తోపుల్లో చెప్పిన రేట్లో సగానికే వస్తాంది ఆ కాయ. సగానికి దొరికేదాన్ని పెట్టుకోని ఎవురన్నా పూర్తి రేటిస్తారా? నీ తోపులు పూత రాలిపోతే పనికొస్తాయని పట్టి పెట్టినవప్పా. పూత రాల్లేదు. ఇంగేం? బఫరు అంటారు దాన్ని. ఆ పొద్దు చెన్నై ఆయప్ప చెప్పింది నువ్వు ఇన్లేదా?"

"మరి అచ్చారం?"

"కాగితమేమన్నా రాసిచ్చినామా? ఆకూవక్కే గదా."

చెన్నై ఆయన ఆ మాటంటే నేను క్షమించేవాణ్ణి. ఆయనకు తెలియదు. ఈయన చిత్తూరులో బెల్లం వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినవాడు. వాళ్ళ తాత అచ్చారం పెట్టిన బెల్లం వానకు తడిసి నీరు కారుతున్నా మాట తప్పకుండా కొన్నాడని నాకు ఎన్నిసార్లు చెప్పాడో! సంగటి తింటూ మా అక్కకు కూడా చెప్పాడు. అచ్చారమంటే ఏమిటో తెలిసే, తెలుసు కాబట్టే, దాన్ని మా మీద వాడుకున్నాడు. మాట మా వైపు మాత్రం కట్టి, తన వైపు విప్పి పెట్టుకున్నాడు. కృష్ణగిరి ఏజెంటు వచ్చినప్పుడు ఆకు ఆకే. గేటు ముందు ట్రాక్టరు నిలబడినప్పుడు మాత్రం అది ఉత్త ఆకు. రిస్కును తగ్గించుకోవడమంటే ఇదన్నమాట. తన నెత్తిన ఉన్నదాన్ని దించి, మోస్తున్నామని కూడా తెలియనివాళ్ళ నెత్తిన పెట్టడం. దాన్ని ఊరూరా తిరిగి పెట్టి వచ్చిన కూలీని నేను. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టంటారు. ఈయన ఏరు దాటక ముందే లెక్క వేసుకున్నాడు.

నా ముఖం చూసి ఆయన గొంతు తగ్గించాడు. "మీ అక్క బండి ఉండాదా ఈ లైన్లో? వెనక గేటుకు తోలమను. మాట్లాడిన రేటే ఇస్తా. మిగిలిన కాయ కూడా రోజుకొక బండి గమ్మున పంపమను. ఎవురితోనూ అనొద్దు."

గొంతులో తిట్లన్నీ ఉన్నాయి. కానీ అక్క కాయ లోపలికి పోతే తోపు నిలబడుతుంది, పోకపోతే ప్లాట్లవుతుంది. తిట్టడం తర్వాతయినా తిట్టవచ్చుననుకున్నాను. గబగబా గేటు దగ్గరికి నడిచి, అక్క పక్కన కూర్చుని చెవిలో చెప్పాను.

అక్క నా ముఖంలోకి చూసింది. తర్వాత ట్రాక్టర్ల వరస చూసింది.

"నా సేతిలో ఆకు పెట్టింది ఎవురురా? మొదలాళా, నువ్వా?"

"నేనే అక్కా."

"వీళ్ళందరి సేతుల్లో?"

"నేనే."

"మరి నన్నొక్కదాన్నే యనకదావన రమ్మంటాండేది ఎవురు?"

అది మొదలాళి మాట. కానీ మోసుకొచ్చిన నోరు నాది. నేను తోపు సంగతి ఎత్తాను, కొడుకుతో అనుకున్న మాట గుర్తు చేశాను, పంతాలకు ఇది సమయం కాదన్నాను. ఆమె వినలేదు. లేచి, చీర దులుపుకుని, ట్రాక్టరు తిప్పమని డ్రైవరుతో చెప్పింది. ముందూ వెనకా ఉన్నవాళ్ళు ఏమైందమ్మా అని అడిగితే, "ఈడ మన కాయ దించుకోరంట, ఊరికే ఎండలో నిలబడొద్దండి" అని అందరికీ వినబడేటట్టు చెప్పింది. నాకు అక్క మీద కూడా చెప్పలేనంత కోపం వచ్చింది. నీ తోపు నువ్వే పోగొట్టుకుంటున్నావని ట్రాక్టరు వెంట నడుస్తూ అరిచాను. ఆమె తిరిగి చూడలేదు. ఊరి బయట వంక దగ్గర అక్కా డ్రైవరూ కాయంతా కుమ్మరించి పోయారని తర్వాత తెలిసింది. ఆమె వెనకే ఒక్కొక్క ట్రాక్టరూ తిరిగిపోయింది. కొందరు నన్ను బూతులు తిట్టారు. కొందరు నా ముందే రోడ్డు మీద కాయ దిమ్మరించారు.

నేను మళ్ళీ ఆ గదిలోకి పోయి, తర్వాత తిడదామనుకున్న తిట్లన్నీ తిట్టి, ఫ్యాక్టరీ ఇచ్చిన బండి తాళం బల్ల మీద పడేసి వచ్చేశాను. మొదలాళి ఆశ్చర్యపోయాడు. మీ అక్కకు దారి చూపించాను గదా, ఇంకా ఏం కావాలన్నాడు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదేమో. ఆ ఏడు ఫ్యాక్టరీ బాగానే నడిచిందని, సలహాదారుకు మంచి పేరొచ్చిందని తర్వాత ఎవరో చెప్పారు.

ఆ మంటతో కొన్నాళ్ళు ఎవరి ఇంటికీ పోలేదు. ఉద్యోగం మానేసిన సంగతి అక్కకు నా నోటితో నేనే చెప్పాలనుకున్నాను. వింటే ఆమె మనసు కుదుటపడుతుందని, రేయ్ అబ్బోడా, మంచిపని చేసినావని నెత్తిన ఒక మొట్టికాయ వేస్తుందని అనుకుంటూ వడమాలపేట బస్సెక్కాను.

తోపులో రోడ్డు వైపు చెట్లు కొట్టేశారు. తెల్లసున్నం కొట్టిన రాళ్ళు వరసగా పాతి ఉన్నాయి. అక్క ఇంటి ముందు కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నేను ఎప్పటిలాగే చెప్పులు విప్పి ఆమె పక్కన నేల మీద కూర్చోబోయాను.

"అమ్మీ" అని లోపలున్న కోడలిని కేక వేసింది అక్క. "కంపెనీ సారొచ్చినాడు. కుర్చీ తెచ్చెయ్యి."

"నేను మానేసినా అక్కా" అన్నాను. "ఆ పొద్దే మానేసినా."

కోడలు తల దించుకుని ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. అక్క చింతపండు మీది నుంచి తలెత్తలేదు.

"కూర్చోండి" అంది.